ఒక తువ్వాలు వర్షపాతం

“ప్రపంచంలో ఏ సముద్రంలో తుఫాను పుట్టినా, ఆ ఒడ్డున మన సీమ బిడ్డ ఒక్కడున్నా, వాడికి మొదటి కబురు పోయేది నంద్యాల నుంచే!”

చైర్మన్ ఓబులేసు గారు ఈ ప్రకటన చేసిన మధ్యాహ్నం నంద్యాలలో ఎండకు తారు రోడ్డు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. అయినా జనం చప్పట్లు కొట్టారు. అందరికన్నా ముందు మొదలుపెట్టి, అందరికన్నా చివర ఆపినవాడు జయరాజు. అతను చైర్మన్ గారి పి.ఏ. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి చప్పట్ల విషయంలో అతను ఎప్పుడూ అజాగ్రత్తగా ఉండడు.

ఓబులేసు గారిది ఆళ్ళగడ్డ. పోయిన ఎన్నికల్లో ఆయనకు టికెట్టు ఖాయమనుకున్నారు. అది ఇంకొకరికి పోయింది. ఆయన అలగలేదు. ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి అహోబిలం కొండ మీద కూర్చున్నారు, అంతే. పార్టీ పెద్దలే నొచ్చుకుని ‘ప్రవాస సీమవాసుల తుఫాను భద్రతా మండలి’ అని ఒకటి పుట్టించి, ఆయన్ను దానికి చైర్మన్ని చేసి కొండ దింపారు. ఆ మండలి ఏం పని చెయ్యాలో జీవోలో రాయలేదు. కొండ దింపే తొందరలో అంత టైము లేకపోయింది.

పని వెతుక్కుంటూ చైర్మన్ గారు మస్కట్ దాకా పోయొచ్చారు. దీన్ని స్టడీ టూర్ అంటారు. ఇళ్ళల్లో పనికీ, డ్రైవర్లుగానూ, తాపీ పనికీ పోయిన మనవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. తుఫాను సీజన్ వస్తే వాళ్ళకు దిగులు. అక్కడి టీవీ అరబ్బీలో చెబుతుంది. ఫోన్లో ఇంగ్లీషులో వస్తుంది. ప్రవాసుల సంఘం వాట్సాప్ గ్రూపులో పోయినేడాది వీడియో వస్తుంది. “తెలుగులో నమ్మకంగా ఒక్క మాట చెప్పేటోళ్ళు లేరు సార్” అని వాళ్ళు మొరపెట్టుకుంటే చైర్మన్ గారికి కళ్ళు చెమర్చాయి. వాళ్ళు ఆయనకు శాలువా కప్పి, వాన కొలిచే స్టీలు పరికరం ఒకటి బహూకరించారు. ఆయన దానితోబాటు మస్కట్ సిమ్మున్న రెండో ఫోనొకటి కొనుక్కుని విమానం దిగారు.

దిగి నంద్యాల చేరగానే ఆ మొదటి ప్రకటన చేశారు. అది విని విలేఖరి ఒకడు అడిగాడు.

“సార్, నంద్యాల చుట్టుపక్కల సముద్రమే లేదు గదా. తుఫాను కేంద్రం ఈడ ఏందీ?”

చైర్మన్ గారు చిరునవ్వు నవ్వారు.

“సముద్రం పక్కన ఉండేటోళ్ళకి సముద్రం మీద అభిమానం ఉంటాదప్పా. మనకి లేదు. మనమైతే నిష్పక్షపాతంగా చెప్తాం.”

ఇంత మాట తనకెందుకు తట్టలేదా అని జయరాజు ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాడు.

ఆఫీసు పద్మావతి నగర్లో ఒక మేడ మీద తెరిచారు. జయరాజు కాక అందులో ఇద్దరు. బులెటిన్లు టైపు చేసి ఫోన్లకు పంపే పిల్ల వందన. శాస్త్రీయ సలహాదారు నారాయణ. నారాయణకు ఆళ్ళగడ్డలో శామియానాలు, కుర్చీలు బాడుగకిచ్చే షాపుంది. “బతుకంతా ఆకాశం కింద పని చేసినోడు. ఇంతకన్నా ఏం చదువు కావాల?” అని చైర్మన్ గారు నియామక పత్రం ఇచ్చారు. ఆఫీసుకు కావలసిన కుర్చీలు కూడా నారాయణ షాపు నుంచే బాడుగకు వచ్చాయి.

మస్కట్ పరికరాన్ని ఎక్కడ పెట్టాలన్నది మొదటి సమస్య. కింద పెడితే దొంగలెత్తుకుపోతారు. మిద్దె మీద పెడితే వానకు తడిసి పాడైపోతుంది. ఆలోచించి ఆలోచించి చైర్మన్ గారి గదిలోనే గాజు బీరువాలో పెట్టి తాళం వేశారు. రోజూ పొద్దున్నే జయరాజు తాళం తీసి, పరికరంలోకి తొంగి చూసి, “సున్నా” అని గట్టిగా చెప్పేవాడు. వందన టైపు చేసేది. జూలైలో నంద్యాల వీధుల్లో మోకాటి లోతు నీళ్ళు పారిన రోజు కూడా పరికరం సున్నాయే చూపించింది.

“చూసినావా జయరాజూ,” అన్నారు చైర్మన్ గారు ప్యాంటు పిండుకుంటూ, “ఊరంతా కంగారు పడతాంది. అది మాత్రం పడలే. నాయకుడంటే అట్లుండాల.”

ఇంతకీ తుఫాను సంగతి. సూచనలు పైనున్న వాతావరణ శాఖ పెద్దాఫీసు నుంచి వచ్చేవి. మండలి పని వాటిని తెలుగులో ప్రవాసులకు అందజేయడం. మొట్టమొదటి సూచన చదవగానే చైర్మన్ గారి ముఖం మాడిపోయింది.

“‘తుఫానుగా మారే అవకాశం ఉంది’ అంటాడేందప్పా? మార్తాదా, మారదా?”

“అవకాశం ఉంది సార్,” అన్నాడు జయరాజు.

“నీకు జీతం వచ్చే అవకాశం ఉంది అంటే ఊరుకుంటావా?”

కొన్ని నెలలుగా జయరాజు ఊరుకుంటూనే ఉన్నాడు. కానీ ఆ మాట పైకి అనలేదు.

“మన బులెటిన్ నూరు శాతం నిజం కావాల,” అని బల్ల గుద్దారు చైర్మన్ గారు. “ఒక పని చెయ్. జరిగేదాకా ఆగు. జరిగినాక చెప్పు. అప్పుడు ఎవడు తప్పు పడతాడో చూస్తా.”

వారం తిరక్కముందే ఆ తుఫాను మస్కట్ తీరాన్ని కొట్టింది. కొట్టిన మర్నాడు మండలి హెచ్చరిక బయల్దేరింది. సాయంత్రం జయరాజుకు చెల్లెలు మరియమ్మ ఫోన్ చేసింది. ఆమె మస్కట్లో ఒక ముసలమ్మను చూసుకునే పనిలో ఉంది.

“అన్నా, మీ తుఫాను హెచ్చరిక వచ్చింది.”

“వచ్చిందా! ఎట్లుందిమా?”

“శానా బాగుంది. ఇంట్లోకొచ్చిన బురద కడుగుతా చదువుకున్యా.”

“తప్పులేమన్నా ఉన్నాయా?”

“ఒక్కటి గూడా లేదన్నా. గాలి ఎంత జోరుగా కొట్టిందో కరెక్టుగా రాసినారు. కొట్టకముందు రాసింటే ఇంకా బాగుండు.”

జయరాజు దీన్ని ప్రజాభిప్రాయంగా భావించి చైర్మన్ గారి దృష్టికి తీసుకుపోయాడు. చైర్మన్ గారు ప్రజాస్వామ్యవాది. కళ్ళు మూసుకుని ఆలోచించారు.

“మస్కట్లో మనకు ఓట్లున్నాయా?”

“లేవు సార్.”

“అయితే వాళ్ళకు ఉన్నదున్నట్టు పంపించు. ఓట్లు లేని చోట నిజం చెప్తే మనకొచ్చే నష్టమేమీ లేదు.”

“మరి ఈడ సార్?”

“ఈడిది నేను చూసి సంతకం పెట్టినాకనే పోవాల.”

ఆ రోజు నుంచి మండలికి రెండు బులెటిన్లు. ఒకటి ప్రవాస బులెటిన్. పెద్దాఫీసు నుంచి వచ్చింది వచ్చినట్టే, ఆలస్యం లేకుండా, పరదేశంలో ఉన్న మనవాళ్ళకు పోతుంది. పరదేశంలో ఉన్నవాడికి సొంతూరి మీద ధ్యాస ఎక్కువ కాబట్టి చివర్లో ‘మీ ఊరి వాతావరణం’ అని కూడా ఉంటుంది. రెండోది స్థానిక బులెటిన్. ఇది చైర్మన్ గారి ఆమోదంతో నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు ఊళ్ళకు పోతుంది.

కొత్తలో వందనకు ఇది అర్థం కాలేదు.

“సార్, దొర్నిపాడు రెండింట్లోనూ ఉంది. ఒకదాంట్లో వాన, ఒకదాంట్లో ఎండ. ఏది పంపాల?”

“రెండూ,” అన్నాడు జయరాజు ఓపికగా. “ఊరు ఒకటేగానీ చదివేటోళ్ళు వేరేగదా.”

స్థానిక బులెటిన్‌కు త్వరలోనే మంచి ఆదరణ దొరికింది. పొద్దున్నే మేడ మెట్ల మీద కార్యకర్తలు బారులు తీరేవాళ్ళు.

“అన్నా, ఆదివారం నా కూతురి పెండ్లి. వాన లేకుండా చూడల్ల.”

“రాయి జయరాజూ, ఆదివారం ఆహ్లాదకరం.”

వెనకున్న ఇంకొకాయన చెయ్యెత్తాడు. “అన్నా, నేను మిరప నాటినా. ఆదివారం వాన లేకుంటే సచ్చిపోతాది.”

“నువ్వు ఏ మండలంప్పా?”

“ఆయనదీ నాదీ ఒకే ఊరన్నా.”

చైర్మన్ గారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “మూర్తం దాకా ఎండ, భోజనాలైనాక వాన. ఇద్దరూ మనోళ్ళే. రాయి.”

ఆ ఆదివారం ఎండా లేదు, వానా లేదు, మబ్బు పట్టి ఊరుకుంది. పెండ్లివాళ్ళు తమ మాటే నెగ్గిందని వచ్చి దండ వేశారు. మిరప ఆయన రాలేదు.

ఇట్లా సీజన్ నడుస్తూండగా అక్టోబరు వచ్చింది. మండలి సాధించిన విశ్వసనీయతను ప్రజలకు తెలియజేయాలని చైర్మన్ గారు సంకల్పించారు. ఆళ్ళగడ్డలో ‘నూరు శాతం మహాసభ’ పెట్టారు. మంత్రి గారు వస్తున్నారు. మంత్రి గారికి జ్ఞాపికగా ఇవ్వడానికి ఆళ్ళగడ్డ శిల్పుల చేత నల్లరాతి మేఘం ఒకటి చెక్కించారు. అద్భుతంగా వచ్చింది. నలుగురు ఎత్తితే గానీ కదలలేదు. జయరాజు ఉద్యోగం పర్మనెంటు అయ్యే ప్రకటన కూడా ఆ సభలో మంత్రి గారి నోటి మీదుగా చేయిస్తామని చైర్మన్ గారు మాటిచ్చారు. జయరాజు ఆ రోజు కోసం తెల్లచొక్కా కుట్టించుకున్నాడు.

సభకు రెండు మూడు రోజులుందనగా వందన కాగితం పట్టుకుని గదిలోకి వచ్చింది.

“సార్, బంగాళాఖాతంలో తుఫాను. సభ రోజు మన దిక్కు గట్టి వాన పడతాదంట.”

“ఏ బులెటిన్లో?” అన్నారు చైర్మన్ గారు.

“ప్రవాస బులెటిన్లో సార్.”

“అయితే ప్రవాసులకు చెప్పు. నాకెందుకు చెప్తాండావ్?”

వందన వెనక్కి తిరిగింది. చైర్మన్ గారు స్థానిక బులెటిన్ తీసుకుని తమ చేత్తోనే ‘పొడి వాతావరణం’ అని రాసి సంతకం పెట్టారు. “నూరు శాతం అని సభ పెట్టుకొని, ఆ రోజు వాన అని మనమే రాసుకుంటే మంత్రిగారు ఏమనుకుంటాడు? మండలికి పరువుండాల్నా వద్దా?”

“ఉండాల సార్,” అన్నాడు జయరాజు.

అప్పుడు చైర్మన్ గారి జేబులో మస్కట్ ఫోను, ప్రవాస బులెటిన్ వచ్చి, టింగుమంది. తీసి చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. తర్వాత చొక్కా పై గుండీ విప్పి, కాగితంతో విసురుకున్నారు.

“నారాయణా, సభ రోజు ఎండ దంచేస్తాది. వేదిక మీద టార్పాలిన్ పట్టలు కప్పించు.”

“పట్టలెందుకు సార్,” అన్నాడు శాస్త్రీయ సలహాదారు. “ఎండకి నా శామియానా సరిపోతాది.”

“ఈ ఎండకి సరిపోదు. నాలుగైదు పొరలు పట్టలు కప్పు. చుట్టూ గూడా దించి కట్టు.”

“అంత ఎండా సార్?”

“అంత ఎండ.”

“నా దగ్గర అన్ని పట్టలు యాడివి సార్?”

చైర్మన్ గారు జయరాజు వైపు చూశారు. మంత్రి గారు కోవెలకుంట్ల వైపు నుంచి దొర్నిపాడు మీదుగా ఆళ్ళగడ్డకు వస్తారు. అది మొక్కజొన్న కోతల కాలం. దొర్నిపాడు రోడ్డంతా ఒక పక్క రైతులు గింజలు ఆరబోసి ఉన్నారు. ప్రతి కుప్ప పక్కనా మడత పెట్టిన పట్ట ఒకటి ఉంటుంది.

“ఆ పట్టలు చూస్తే మంత్రిగారికి ఏమనిపిస్తాది?” అన్నారు చైర్మన్ గారు బాధగా. “ఈ జనానికి మన బులెటిన్ మీద నమ్మకం లేదనిపిస్తాది. పట్ట పక్కన పెట్టుకొని కూచోవడమంటే ఏందీ? ప్రభుత్వం మీద అపనమ్మకం. నువ్వు పోయి అన్నీ ఎత్తించుకొనిరా. మీ ఊరే గదా. మీ నాయన పట్టతోనే మొదలుపెట్టు. ఆదర్శం ఇంటికాన్నించే మొదలు గావాల.”

సభకు ముందురోజు జయరాజు ట్రాక్టర్ ట్రాలీ వేసుకుని దొర్నిపాడు పోయాడు.

అతని నాయన యేసోబు రోడ్డు మీద పసుపుపచ్చటి గింజల్లో కాళ్ళు ఈడుస్తూ చాళ్ళు తీస్తున్నాడు. గింజ అడుగుది పైకి తిరగాలి. ఎల్లుండి, అంటే సభ అయిన మర్నాడు, కోళ్ళ దాణా కంపెనీ లారీ వస్తుంది. గుప్పిట్లో ఊపితే గలగలమన్న గింజే ఎత్తుకుంటారు. మెత్తబడితే తిరిగి కూడా చూడరు. ఆ ఇంటికి ఏడాది పంట అది.

“ట్రాలీ ఏందీ నాయనా?” అన్నాడు యేసోబు.

“పట్టలకి. సభకి కావాల్నంట.”

“సభకి పట్టలెందుకు?”

“ఎండకి.”

యేసోబు తల మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. “నీ చెల్లెలు పొద్దున్నే ఫోన్ చేసింది. నాయనా, మీకు వాన వస్తాది, గింజలు కప్పుకోండి అని. ఆ మాట మీ ఆఫీసే చెప్పిందంట.”

“అది ప్రవాస బులెటిన్ నాయనా. దాంట్లో ఉండేది మస్కట్ నుంచి చూసే దొర్నిపాడు.”

“ఆడి నుంచి చూస్తే కనపడే మబ్బు నీకు ఈడ కనపళ్ళేదా?”

పక్క కుప్పల రైతులు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకాయన నవ్వాడు. “యేసోబన్నా, వాన గుట్టు నీ కొడుకు చేతుల్లోనే ఉంది. అడుగు, అడుగు.”

“ఒరే,” అన్నాడు యేసోబు గొంతు తగ్గించి, “ఆఫీసు మాట ఇడ్సిపెట్టు. నా కొడుకుగా చెప్పు. వస్తాదా, రాదా?”

జయరాజుకు తెల్లచొక్కా గుర్తొచ్చింది. మంత్రి గారి నోటి నుంచి తన పేరు రావడం గుర్తొచ్చింది.

“అవకాశం ఉంది నాయనా,” అన్నాడు.

“దేనికి?”

జయరాజు వంగి పట్ట ఒక అంచు పట్టుకున్నాడు. నీలం రంగు పట్ట. ఎవరిది ఎవరిదో కలిసిపోకుండా మూల మీద తెల్ల పెయింటుతో ‘యే’ అని రాసి ఉంది. అంత పెద్ద పట్ట ఒక్కడే మడవలేడు. కాసేపు గాలికి కొట్టుకుంటూంటే చూసి, యేసోబే వచ్చి రెండో అంచు పట్టుకున్నాడు. నాయనా కొడుకూ ఎదురెదురు నడిచి మడత మీద మడత వేశారు. ఆఫీసులో పనిచేసే కొడుకున్నవాడే పట్ట ఇచ్చాడంటే వాన రాదన్నమాటే అనుకుని మిగతావాళ్ళు కూడా తెచ్చి ట్రాలీలో వేశారు.

సభ రోజు పొద్దున్నుంచే వాన అందుకుంది.

దాన్ని వాన అనడానికి అధికారికంగా ఆధారం లేదు. స్థానిక బులెటిన్లో పొడి వాతావరణం అనే ఉంది. ఆ రోజు బులెటిన్ ఒప్పుకున్న మేఘం వేదిక మీది రాతి మేఘం ఒక్కటే.

బస్సుల్లో తోలుకొచ్చిన జనం మైదానంలో దిగి, నారాయణ బాడుగకిచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు తలకిందులు చేసి నెత్తిన పెట్టుకున్నారు. కూర్చునే వీలు లేక అందరూ నిలబడే ఉన్నారు. అది చూసి చైర్మన్ గారు మైకందుకున్నారు. “చూడండి మంత్రిగారూ! కూచోమని కుర్చీలిస్తే కూచోకుండా, ప్రజలు లేచి నిలబడి మనకు స్వాగతం పలుకుతాండారు!”

మంత్రి గారు చెయ్యి ఊపారు. ఆయన దొర్నిపాడు మీదుగా వచ్చినప్పుడు రోడ్డు పొడుగునా ఒక్క పట్ట కూడా కనిపించలేదు. ఇంత విశ్వాసమున్న ప్రజలను తాను చూడలేదని ఆయన కారులోనే అన్నారట.

వేదిక పైన అయిదు పొరల పట్టలు, చుట్టూ పట్టలు. లోపల వెచ్చగా, పొడిగా ఉంది. మధ్యలో గుడ్డ పరిచిన బల్ల. బల్ల మీద మస్కట్ స్టీలు పరికరం. వాన పడిందీ లేనిదీ ప్రజల ఎదుటనే కొలిచి చూపించడం కార్యక్రమంలో ముఖ్యమైన అంశం.

“కొలత పారదర్శకంగా ఉండాలని దీన్ని గాజు బీరువాలోంచి బయటికి తీసినాం,” అని చైర్మన్ గారు మంత్రి గారికి వివరించారు.

జయరాజు వేదిక అంచున తెల్లచొక్కాలో నిలబడి ఉన్నాడు. కొలత చదివేది అతనే. అతని పక్కన ఫోను పట్టుకుని వందన. అప్పుడు వేదిక కింద నుంచి ఎవరో అతని ప్యాంటు లాగారు.

వంగి చూస్తే యేసోబు. ఊరి నుంచి జనాన్ని తెచ్చిన బస్సు ఎక్కి వచ్చినట్టున్నాడు. నెత్తిన కుర్చీ లేదు. తువ్వాలు తలకంటుకుపోయింది. గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి.

“పట్ట ఇప్పించు నాయనా. బిన్నా పోతే అడుగునుండే గింజన్నా దక్కుతాది.”

జయరాజు పైకి చూశాడు. అయిదు పొరల్లో అన్నిటికన్నా కిందిది, సరిగ్గా చైర్మన్ గారి కుర్చీ మీదుగా, నీలం పట్ట. మూల మీద ‘యే’.

“సభ అయినాక ఇస్తారు నాయనా.”

“సభ అయినాక నాకెందుకు?”

“ఎవరప్పా ఆ రైతు?” అన్నారు చైర్మన్ గారు మైకులోంచే.

“మా... మా నాయన సార్.”

చైర్మన్ గారికి మంచి ఆలోచనలు రావడానికి టైము పట్టదు. “పైకి రానీ, పైకి రానీ! మంత్రిగారూ, మన బులెటిన్ నమ్మి, తన పట్ట తనే మడిచి ఇచ్చిన ఆదర్శ రైతు! రాప్పా పెద్దాయనా, ప్రజలకు రెండు ముక్కలు చెప్పు!”

ఇద్దరు కార్యకర్తలు రెక్కలు పట్టి యేసోబును వేదిక ఎక్కించారు. అతను నడిచిన చోటల్లా తివాచీ మీద తడి పాదాలు పడ్డాయి. బల్ల దగ్గరికొచ్చి ఆగి, స్టీలు పరికరాన్ని వింతగా చూశాడు.

“ఇదేందప్పా?”

మైకు పక్కనే ఉంది కాబట్టి ఆ మాట మైదానమంతా వినపడింది.

“వాన కొలిచేది నాయనా,” అన్నాడు జయరాజు.

“వాన దీంట్లోకి యాడ నుంచి వస్తాది?”

శాస్త్రీయ సలహాదారు తన శామియానా గుంజ వైపు చూస్తూ నిలబడ్డాడు.

యేసోబు తల మీది తువ్వాలు తీశాడు. రెండు చేతులా పట్టుకుని, పరికరం మూతి మీద ఉంచి, ఒక్క మెలి తిప్పాడు. నీళ్ళు పడ్డ చప్పుడు మైకులో చాలా స్పష్టంగా వచ్చింది. ఇంకో మెలి తిప్పాడు. ఇక చుక్క రాదనుకున్నాక తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“ఇప్పుడు చూసి చెప్పప్పా,” అన్నాడు చైర్మన్ గారితో. “నా పట్ట ఇస్తారా?”

మంత్రి గారు పరికరాన్ని చూశారు. చైర్మన్ గారు మంత్రి గారిని చూశారు. తర్వాత అందరూ జయరాజును చూశారు. జయరాజు ముందుకు వచ్చి, రోజూ పొద్దున్నే చేసినట్టే, పరికరంలోకి తొంగి చూశాడు. దాన్ని రెండు చేతులతోనూ పొదివి పట్టుకున్నాడు.

చైర్మన్ గారు మైకు మీద అరచెయ్యి మూసి, అతని చెవి దగ్గరకు వంగారు.

“జయరాజూ, ఆ నీళ్ళు ప్రవాస బులెటిన్లో రాయి.”

తర్వాత చెయ్యి తీసి మైకులో ప్రకటించారు. “సున్నా!”

చప్పట్లు రాలేదు. జనం చేతుల్లో కుర్చీలున్నాయి. ముందుగా మొదలుపెట్టవలసిన జయరాజు రెండు చేతులూ పరికరం మీదే ఉండిపోయాయి. కొంచెంసేపు చూసి మంత్రి గారే నాలుగు చప్పట్లు కొట్టి, జయరాజు ఉద్యోగం పర్మనెంటు అయినట్టు చదివేశారు. రాతి మేఘాన్ని నలుగురు ఎత్తి ఫోటో దిగి మళ్ళీ దించారు. యేసోబును కార్యకర్తలు గౌరవంగా వెనక మెట్ల నుంచి దింపారు.

వందన ఫోను పట్టుకుని జయరాజు దగ్గరకు వచ్చింది.

“సార్, ప్రవాస బులెటిన్లో ‘మీ ఊరి వాతావరణం’ వెయ్యాల. దొర్నిపాడుకు ఎంతని రాయమంటారు?”

జయరాజు ఇంకోసారి పరికరంలోకి చూశాడు. అది అరబ్బీ అంకెలున్న పరికరం. ఇన్నాళ్ళూ సున్నా తప్ప చదివే అవసరం రాలేదు.

“ఒక తువ్వాలు,” అన్నాడు.

వందన అతని మొహంలోకి ఒకసారి చూసి, అట్లాగే టైపు చేసి పంపేసింది.

సభ చక్కగా ముగిసింది. చీకటి పడ్డాక పట్టలు విప్పి, ఎవరివి వాళ్ళకు చేర్చే బాధ్యత కూడా జయరాజుకే అప్పగించారు. ఇప్పుడతను పర్మనెంటు ఉద్యోగి కాబట్టి సంతకం చెల్లుతుంది. పై పొర పట్టలు నీళ్ళు కారుతున్నాయి. కింది పొరలోని నీలం పట్టను చేత్తో తడిమి చూశాడు. రోడ్డు మీద మడిచినప్పుడు ఎట్లుందో అట్లాగే ఉంది.

ట్రాలీ దొర్నిపాడు దారి పట్టింది. రోడ్డుకు ఒక పక్కగా, లైటు వెలుగులో, నీళ్ళ మీద తేలుతూ పసుపుపచ్చటి గింజలు ట్రాక్టరుకు ఎదురొస్తున్నాయి. అప్పుడు మస్కట్ నుంచి ఫోనొచ్చింది.

“అన్నా, ఇప్పుడే చదివినా. ఒక తువ్వాలంటే నాయన తువ్వాలేనా?”

“ఊఁ.”

“పూర్తిగా తడిసిందా?”

“ఊఁ.”

మరియమ్మ వెనక ముసలమ్మ దేనికో పిలుస్తోంది.

“మరి మొక్కజొన్నలన్నా?”

జయరాజు ఒళ్ళో మడత పెట్టి ఉన్న నీలం పట్టను సరిచేసుకున్నాడు.

“పట్ట తడవలేదుమా,” అన్నాడు.